ఏకు మేకైన దారి

‘ఏకు మేకైంది’ అని మనవాళ్లు అన్నప్పుడు అందులో ఒక ఫిర్యాదు ఉంటుంది. మెత్తనిదనుకున్నది తీరా గుచ్చుకుందన్న బాధ అది. ఆ మాటను అక్షరాలా తీసుకుంటే మాత్రం అదొక పదార్థశాస్త్ర ప్రశ్న అవుతుంది. వేళ్లతో లాగితే విడిపోయే దూది ఏకు, గోడలో దిగే మేకుగా ఎప్పుడు మారుతుంది? ఇంగ్లండులో ఈ ప్రశ్నకు జవాబు చెప్పే దారి ఒకటుంది. లండన్ నైరుతి శివారులోని టెడింగ్టన్‌లో అది మొదలవుతుంది. ఫార్న్‌బరో, బ్రిస్టల్, కోస్లీ, నాటింగ్‌హామ్, డెర్బీల మీదుగా సాగి, క్రామ్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో ముగుస్తుంది. పర్యాటకుల పుస్తకాలు ఈ ఊళ్లను ఒక వరుసలో పేర్చవు. వీటిని కలిపే సూత్రం కార్బన్ నార. అందులోనూ విమానపు రెక్క ఈ చివర నుంచి ఆ చివరకు తెగకుండా పరిచే నార కాదు, కొద్ది మిల్లీమీటర్ల ముక్కలుగా తరిగి, వేడికి కరిగి చల్లారితే గట్టిపడే థర్మోప్లాస్టిక్‌లో కలిపే పొట్టినార. తెగిన నార అనగానే తక్కువ రకం అన్న అభిప్రాయం పరిశ్రమలో బలంగా ఉంది. ఆ అభిప్రాయం సగమే నిజమని, నారను తెంపడం వల్ల పోయే బలం కన్నా దాన్ని చిందరవందరగా వదిలేయడం వల్ల పోయే బలమే ఎక్కువని ఈ దారి పొడవునా ఆధారాలు కనిపిస్తాయి.

టెడింగ్టన్ థేమ్స్ ఒడ్డున, బుషీ పార్కును ఆనుకుని ఉన్న ఊరు. జింకలు మేసే ఆ పచ్చికకు పక్కనే, 1900లో స్థాపించిన నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ ఉంది. అక్కడ పనిచేసిన హెచ్.ఎల్. కాక్స్ 1952లో ఒక వ్యాసం ప్రచురించాడు. అది కాగితం గురించి. కాగితమంటే పొట్టి నారలు అడ్డదిడ్డంగా పడి అల్లుకున్న పొర. ఒక కొసన లాగితే ఆ బరువు రెండో కొసకు ఎలా చేరుతుంది, ఏ ఒక్క నారా ఈ కొస నుంచి ఆ కొస దాకా లేదు కదా అన్నది ఆయన ప్రశ్న. నార తన కొనల దగ్గర ఏ బరువూ మోయదని, చుట్టూ ఉన్న పదార్థం దాన్ని పక్కల నుంచి పట్టుకుని, జారనివ్వకుండా, కొద్దికొద్దిగా బరువును అందులోకి ఎక్కిస్తుందని ఆయన గణితం తేల్చింది. కొనల నుంచి లోపలికి వెళ్లేకొద్దీ నార మోసే భారం పెరిగి, నడుమ భాగంలో గరిష్ఠానికి చేరుతుంది. అదే వ్యాసంలో రెండో సంగతీ ఉంది. ఒకే తలంలో నారలు అన్ని దిక్కులకూ సమానంగా పడి ఉంటే, అన్నీ ఒకే దిక్కున ఉన్నప్పుడు వచ్చే బిరుసులో మూడో వంతే దక్కుతుంది. అంటే 230 గిగాపాస్కల్‌ల బిరుసున్న కార్బన్ నారను నూటికి 30 పాళ్లు కలిపితే, వరుసగా పేర్చినప్పుడు దాదాపు 69 రావలసింది, చిందరగా పడితే 23 దగ్గర ఆగిపోతుంది. ఇక్కడ నార పొడవు మారలేదు, పరిమాణం మారలేదు. మూడింట రెండు వంతుల నష్టం దిశ ఒక్కదాని వల్లే జరిగింది.

మరి పొడవు సంగతేమిటి? దానికి జవాబు 1965లో కెల్లీ, టైసన్ రాసిన పరిశోధన వ్యాసంలో వచ్చింది. వాళ్లు రాగిలో టంగ్‌స్టన్ తీగలు పొదిగి పరీక్షించారు. లోహాల కోసం కట్టిన ఆ లెక్క ప్లాస్టిక్కులకూ సరిపోయింది. నార తెగేదాకా బరువెక్కాలంటే దానికి ఒక కనీస పొడవుండాలి. అంతకన్నా పొట్టిదైతే తెగకముందే ప్లాస్టిక్‌లోంచి ఊడి వచ్చేస్తుంది. ఆ కీలకమైన పొడవు కావాలంటే నార బలాన్ని దాని వ్యాసంతో హెచ్చించి, ప్లాస్టిక్ పట్టుకు రెట్టింపుతో భాగించాలి. 4,900 మెగాపాస్కల్‌ల బలం, 7 మైక్రాన్ల వ్యాసం ఉన్న నారను తీసుకుందాం. నైలాన్ దాన్ని 35 మెగాపాస్కల్‌ల పట్టుతో పట్టుకుందనుకుంటే కీలకమైన పొడవు 0.49 మిల్లీమీటరు, అంటే అర మిల్లీమీటరే. పట్టు 10కి పడిపోతే అది 1.7 మిల్లీమీటర్లు దాటుతుంది. సరిగ్గా కీలకమైన పొడవే ఉన్న నార సగటున తన బలంలో సగమే ఇస్తుంది. దానికి పది రెట్లున్న నార నూటికి 95 పాళ్లు ఇస్తుంది. కాబట్టి ఆ నైలాన్‌లో 5 మిల్లీమీటర్ల ముక్క, వరుసలో ఉన్నంతసేపు, కిలోమీటరు నారకు కొద్ది దూరంలోనే నిలుస్తుంది. బియ్యపు గింజంత ముక్క చాలన్న ఈ ఫలితాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పొడవు వల్ల వచ్చే లాభానికి ఒక హద్దు ఉందని, ఆ హద్దు మనం ఊహించినదానికన్నా చాలా దగ్గరగా ఉందని ఇది చెబుతోంది.

టెడింగ్టన్ దాటి నైరుతిగా వెళ్తే ఫార్న్‌బరో వస్తుంది. 1908లో శామ్యూల్ కోడీ బ్రిటన్‌లో తొలిసారి యంత్రం నడిపే విమానాన్ని ఎగరేసింది ఇక్కడే. 1960ల తొలినాళ్లలో ఇక్కడి రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో విలియం వాట్, ఆయన సహచరులు అధిక బలం గల కార్బన్ నారను తయారుచేశారు. అంతకుముందే ఒసాకాలో అకియో షిండో అదే ముడిసరుకుతో కార్బన్ నార చేసి చూపించాడు. ఆ ముడిసరుకు పాలీఅక్రిలోనైట్రైల్. చలికోట్లు అల్లే అక్రిలిక్ నూలుకు అది దగ్గరి చుట్టం. దాన్ని గాలిలో వేడిచేసేటప్పుడు కుంచించుకుపోనివ్వకుండా బిగలాగి పట్టుకోవడం ఫార్న్‌బరో వాళ్లు సాధించిన కీలకం. అలా పట్టుకుంటే లోపలి అణువుల గొలుసులు నార పొడవునా వరుసలో నిలుస్తాయి, ఆ తర్వాత వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమిలోనూ ఆ వరుస చెదరదు. కార్బన్ నార బలమే వరుస వల్ల పుట్టిందన్నమాట. పొయ్యిలో బొగ్గూ కార్బనే, పెన్సిల్‌లో గ్రాఫైటూ కార్బనే. ఫార్న్‌బరోలో చూడవలసినది మరొకటుంది. 1930ల నాటి పెద్ద గాలి సొరంగంలో ఫ్యాను రెక్కలను చెక్కతో చేశారు. చెక్కలో నారలు ఒకటి నుంచి నాలుగు మిల్లీమీటర్ల పొడవే ఉంటాయి. ఏ చెట్టులోనూ వేరు నుంచి చిగురు దాకా సాగే ఒకే నార లేదు. మన కోస్తాలో సరుగుడు చెట్టు తుఫాను గాలికి ఊగి మళ్లీ లేచి నిలబడుతుందంటే, ఆ పొట్టి నారలు కాండం పొడవునా ఒకే దిక్కున నిలిచి, ఒకదాన్నొకటి గట్టిగా అంటిపెట్టుకున్నందువల్లే. తెగిన నారతో పొడవైన బలాన్ని కట్టడం ప్రకృతికి ఏనాడో తెలిసిన పని.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఎదురవుతుంది. లెక్కలు ఇంత ఆశ చూపిస్తుంటే, బజారులో దొరికే పొట్టినార ప్లాస్టిక్ ఎందుకంత బలహీనంగా ఉంది? బరువులో నూటికి 30 పాళ్లు కార్బన్ నార కలిపి అచ్చుపోసిన పీక్ అనే మేలురకం థర్మోప్లాస్టిక్ దాదాపు 25 గిగాపాస్కల్‌ల బిరుసు, 260 మెగాపాస్కల్‌ల లాగుడు బలం ఇస్తుంది. అదే పీక్‌లో తెగని నారను ఒకే దిక్కున పరిమాణంలో నూటికి 60 పాళ్లు పరిస్తే బిరుసు 130 గిగాపాస్కల్‌లు, బలం 2,000 మెగాపాస్కల్‌లు దాటుతాయి. బలంలో ఎనిమిది రెట్ల తేడా. ఈ అంకెలు నిజమే, వాటిని దాటవేయలేం. అయితే ఆ ఎనిమిది రెట్లలో నార తెగడం వల్ల వచ్చిన వాటా ఎంతో విడదీసి చూడాలి. మొదటిదానిలో నార పరిమాణమే రెండోదానిలో సగం కూడా లేదు. పైగా గుళికలను కరిగించి అచ్చులోకి తోసే యంత్రంలో మరచుట్టు తిరుగుతూ నారను నలిపేస్తుంది. అచ్చు దిగేసరికి చాలా నారలు 0.1 నుంచి 0.4 మిల్లీమీటర్లకు పడిపోతాయి. పైన చూసిన అర మిల్లీమీటరు గీత కిందికి జారిపోయాయన్నమాట. అచ్చులో పారేటప్పుడు గోడల దగ్గరి నారలు ప్రవాహం వెంట, నడిమి పొరలోవి ప్రవాహానికి అడ్డంగా తిరుగుతాయి. పరిమాణం తక్కువ, పొడవు గీత కింద, దిశ చిందర. మూడు నష్టాలూ ఒకేచోట చేరాక పుట్టిన అంకెను చూపించి పొట్టినార స్వభావమే ఇంత అనడం, నలిపిన దూదిని తూచి నూలు బలం చెప్పడం లాంటిది.

రెడింగ్‌లో మారి పడమటికి సాగే రైలు బ్రిస్టల్ చేరుస్తుంది. అక్కడ ఏవన్ నది లోయ మీద 1864లో తెరిచిన క్లిఫ్టన్ వేలాడే వంతెన ఉంది. ఇంజనీరు బ్రూనెల్ నమూనా ఆధారంగా కట్టినది అది. దాన్ని మోసేవి ఇనుప గొలుసులు. లండన్‌లో కూల్చిన హంగర్‌ఫర్డ్ వంతెన నుంచి తెచ్చి ఇక్కడ మళ్లీ వాడిన గొలుసులు వాటిలో ఉన్నాయి. దగ్గరికెళ్లి చూస్తే ఒక్క కడ్డీ కూడా ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా లేదు. పొట్టి పొట్టి కడ్డీలు పక్కపక్కన చేరి, శీలల దగ్గర భారాన్ని ఒకదాని నుంచి మరొకదానికి అందిస్తూ 214 మీటర్లు దాటుతున్నాయి. ఆ ఊరి విశ్వవిద్యాలయంలోనే పొట్టినారను వరుసలో పెట్టే హైపర్‌డిఫ్ అనే పద్ధతి పుట్టింది. 3 మిల్లీమీటర్ల నారను నీళ్లలో కలిపి, సన్నని ముక్కుల్లోంచి, దగ్గరదగ్గరగా నిలబెట్టిన రెండు పలకల నడుమకు చిమ్ముతారు. నీటిధార పలకకు తగిలి ఒక్కసారిగా మలుపు తిరిగేటప్పుడు నారలు కూడా తిరిగి, పలకల వెంట బారులు తీరుతాయి. అడుగున ఉన్న జల్లెడపట్టీ నీటిని వదిలేసి నార వరుసను నిలుపుకుంటుంది. 2014లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, నూటికి 55 పాళ్లు నార ఉన్న నమూనాలో బిరుసు 115 గిగాపాస్కల్‌లు, బలం 1,509 మెగాపాస్కల్‌లు వచ్చాయి. ఆ తరగతి నారను తెగకుండా పరిస్తే లెక్క ప్రకారం రావలసిన బిరుసు 125 దగ్గర ఉంటుంది, అంటే నూటికి 90 పాళ్లు పైనే దక్కింది. బలం మాత్రం అంతగా దక్కలేదు. రెండు వేలకు పైగా రావలసిన చోట 1,509 దగ్గర ఆగింది. నార కొనల దగ్గర ఒత్తిడి పోగవుతుంది, అక్కడే పగులు మొదలవుతుంది. తెగడానికి చెల్లించే అసలు ధర అది. అచ్చుపోసిన ముక్క చూపించిన ఎనిమిది రెట్ల అగాధంతో పోలిస్తే ఈ ధర చాలా చిన్నది.

ఆ 2014 నమూనాలను కట్టిపట్టినది ఎపాక్సీ కదా, థర్మోప్లాస్టిక్ కాదు కదా అని ఇంకొకరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. ఎపాక్సీ ద్రవంలా నార చుట్టూ చేరి, రసాయనికంగా అల్లుకుని గట్టిపడుతుంది. కరిగిన థర్మోప్లాస్టిక్ చిక్కని పాకంలా ఉంటుంది, నారల నడుమకు అంత తేలిగ్గా దూరదు, పట్టు కూడా తక్కువ. పాలీప్రొపిలీన్ అయితే కార్బన్‌ను దాదాపు దూరం పెడుతుంది. కానీ కాక్స్, కెల్లీల లెక్క ఈ లోపానికి మందును కూడా చూపిస్తుంది. పట్టు తగ్గితే కావలసిన పొడవు పెరుగుతుంది, అంతే. నైలాన్‌కు అర మిల్లీమీటరు గీత అయితే పాలీప్రొపిలీన్‌కు రెండు మిల్లీమీటర్ల గీత. నార మీద తగిన పూత వేసినా, పాలీప్రొపిలీన్‌కు మాలిక్ ఎన్‌హైడ్రైడ్ అతికించిన రకాన్ని కొద్దిగా కలిపినా పట్టు మెరుగవుతుంది. దెబ్బను ఓర్చుకునే గుణంలో కథ తిరగబడుతుంది. నార ఊడి వచ్చేటప్పుడు జరిగే రాపిడే శక్తిని మింగుతుంది, కీలకమైన పొడవుకు దగ్గరగా ఉన్న నారలు ఆ పని అన్నిటికన్నా బాగా చేస్తాయి. పట్టు మరీ బిగుసుకుంటే పగులు ఎక్కడా ఆగకుండా నారలను కోసుకుంటూ పోతుంది. అందుకే బిరుసు, బలం, ఓర్పు అనే మూడింటికీ ఒకే పొడవు, ఒకే పట్టు సరిపోవు. బిరుసు కొద్దిపాటి పొడవుతోనే తృప్తిపడుతుంది, బలానికి ఇంకా కావాలి, దెబ్బను ఓర్చుకోవడానికి కీలకమైన పొడవుకు దగ్గరగా ఉంటే మేలు. ఏ భాగానికి ఏది ముఖ్యమో ముందే తేల్చుకోకుండా పదార్థం మంచిదా చెడ్డదా అని అడగడంలో అర్థం లేదు.

బ్రిస్టల్ నుంచి ఉత్తరాన, బర్మింగ్‌హామ్‌కూ వుల్వర్‌హాంప్టన్‌కూ నడుమ కోస్లీ ఉంది. బొగ్గు, ఇనుము, మసి కలిసి ‘నల్లదేశం’ అనే పేరు తెచ్చిన ప్రాంతమిది, కాలువల పక్కన పాత కర్మాగారాల ఇటుక గోడలు ఇంకా నిలిచే ఉన్నాయి. వాడి పారేసిన కార్బన్ కాంపోజిట్ నుంచి నారను తిరిగి తీసే తొలితరం వాణిజ్య కర్మాగారాల్లో ఒకటి ఇక్కడే వెలసింది. ప్రాణవాయువు అందకుండా వేడిచేస్తే పాత ప్లాస్టిక్ ఆవిరైపోయి నల్లని నార మిగులుతుంది. ఈశాన్యాన నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో మరో పద్ధతిని పెంచారు. వేడిగాలికి ద్రవంలా మరిగే ఇసుక పొరలో ముక్కలను వేస్తే ప్లాస్టిక్ కాలిపోయి, నార గాలితో పాటు దూదిపింజలా తేలివస్తుంది. ఈ రెండు చోట్లా దొరికేది పొట్టినారే, చిక్కుపడిన నారే. దాని బిరుసు దాదాపు చెక్కుచెదరదు, బలం కొంత తగ్గుతుంది. నా వాదనకు నైతికమైన బరువు ఇక్కడే వస్తుంది. రెండు కిలోల ముడి నారను కొలిమిలో కాల్చి, ఎంతో కరెంటు ఖర్చుపెట్టి, కిలో కార్బన్ నార చేస్తాం. పాతబడిన విమాన భాగం విప్పాక ఆ నార మళ్లీ ఎన్నడూ తెగని నారగా రాదు. పొట్టినార అంటే తక్కువరకమని ఖాయం చేసుకుంటే, ఆ సంపదంతా పొడిగానో, భూమిలో పాతిపెట్టే చెత్తగానో ముగియవలసిందే. దాన్ని వరుసలో పెట్టి నైలాన్‌లోనో పీక్‌లోనో కట్టగలిగితే మళ్లీ భారం మోసే భాగమవుతుంది. థర్మోప్లాస్టిక్ మళ్లీ కరుగుతుంది కనుక ఆ భాగానికి మూడో జన్మ కూడా ఉంటుంది. ప్రతి జన్మలోనూ నార కొంత పొట్టిదవుతుంది. వరుస పట్టీ నుంచి చాపకు, చాప నుంచి అచ్చుగుళికకు మెట్టు మెట్టుగా దిగడమే వివేకం, మొదటి రోజే అట్టడుగుకు తోసేయడం దుబారా.

డెర్బీ స్టేషన్‌లో దిగితే ఒక హెచ్చరిక ఎదురవుతుంది. ఈ ఊరి రోల్స్-రాయిస్ సంస్థ 1960ల చివర ఆర్‌బీ211 ఇంజనుకు హైఫిల్ అనే కార్బన్ కాంపోజిట్‌తో ఫ్యాన్ రెక్కలు చేయబోయింది. 1970లో పక్షి తగిలినట్టు చేసే పరీక్షలో అవి పగిలిపోయాయి. టైటానియంకు మారవలసి వచ్చింది. ఆ ఇంజను తెచ్చిన ఖర్చుల భారంతో 1971 ఫిబ్రవరిలో సంస్థ దివాలా తీసింది. అవి పొట్టినార రెక్కలు కావు. నార పొడవు దానంతటదే రక్షణ ఇవ్వదని చెప్పే ఖరీదైన పాఠం అది. ఇదే పాఠం నా వాదనకూ వర్తిస్తుంది. వరుసలో పెట్టినంత మాత్రాన పొట్టినార ఇంజను రెక్కకో విమానపు ప్రధాన దూలానికో అర్హత పొందదు. ఏళ్ల తరబడి ఊగే భారానికి కొనల దగ్గర పగుళ్లు పెరుగుతాయి, ముక్కకూ ముక్కకూ అంకెల్లో తేడా ఎక్కువ, నైలాన్ తేమను పీల్చి మెత్తబడుతుంది, నారను బారులు తీర్చే యంత్రాలు ఇంకా నిదానంగానే నడుస్తాయి. వీటిని ఒప్పుకోవాలి. అయినా విమానంలోగానీ కారులోగానీ ప్రతి భాగమూ ప్రధాన దూలం కాదు. బోయింగ్ 787 కిటికీ చట్రాలను తరిగిన కార్బన్ నార, ఎపాక్సీలతోనే అచ్చుపోశారు. వంపులు, మూలలు, పక్కటెముకలు ఉన్నచోట తెగని నార మడతపడుతుంది, ముడుచుకుంటుంది. పొట్టినార పట్టీ మాత్రం వేడిలో సాగి మూలలోకి ఒదుగుతుంది. బిరుసు కావాలి, ఆకారం చిక్కుది, వేలకొద్దీ ముక్కలు నిమిషాల్లో దిగాలి అన్న ప్రతిచోటా పొట్టినారకు న్యాయమైన స్థానముంది.

డెర్బీలో నది ఒడ్డున 1721 నాటి పట్టుమిల్లు స్థలంలో ఇప్పుడు తయారీరంగపు మ్యూజియం ఉంది. పట్టు తెగని నార. ఒక్క గూటి నుంచి వందల మీటర్ల పోగు దిగుతుంది, దాన్ని తోడి పురిపెడితే చాలు. అక్కడి నుంచి మాట్లాక్ రైలు డెర్వెంట్ లోయలోకి ఎక్కి క్రామ్‌ఫర్డ్‌లో ఆగుతుంది. 1771లో రిచర్డ్ ఆర్క్‌రైట్ నీటితో నడిచే నూలుమిల్లు కట్టిన ఊరు ఇది. సీసపు గని కాలువ నుంచి వచ్చే నీరు దాని చక్రాన్ని తిప్పింది. పత్తిలో నార ముక్క రెండు మూడు సెంటీమీటర్లే. ఆర్క్‌రైట్ యంత్రంలో ఒకదానికన్నా ఒకటి వేగంగా తిరిగే రోలర్ల జతలు ఏకును సాగదీస్తాయి, సాగేకొద్దీ నారలు బారులు తీరుతాయి, ఆపైన పురి వాటిని ఒకదానికొకటి అదిమి జారకుండా పట్టుకుంటుంది. దిశ, పొడవు, పట్టు. టెడింగ్టన్ గణితమూ బ్రిస్టల్ నీటిధారా చెప్పిన మూడు మాటలే ఇక్కడ రోలర్లతో చెప్పినవి. ఇదే లోయలో ఊపందుకున్న యంత్రపు నూలు తర్వాత మన తీరపు మగ్గాల బతుకును తలకిందులు చేసిందన్నది మరువలేని చరిత్ర. అయితే నారను వరుసకు తెచ్చే విద్య ఈ లోయలో పుట్టింది కాదు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఇప్పటికీ వాలుగ చేప దవడతో పత్తి నారను దువ్వి, వరుసకు తెచ్చి, రాట్నం మీద సన్నని నూలు వడుకుతారు. ఆ దువ్వెన చేసే పనీ హైపర్‌డిఫ్ పలకలు చేసే పనీ ఒకటే. మన ఊళ్లలో ఏ వడికే మనిషీ పత్తిని తెగిన పట్టు అని తీసిపారేయలేదు. దానికి తగిన దువ్వెన, తగిన పురి ఏమిటో వెతికారు. కార్బన్ నార విషయంలో ఇంజనీర్ల ముందున్న పని కూడా అదే. ఆ పని పూర్తయిన రోజున ఏకు మేకైందన్న మాటను ఫిర్యాదుగా కాక, చేతనైన పనికి ఇచ్చే మెప్పుగా వాడుకోవచ్చు.